దిగుడుబావిలో విశ్రామ్

నిద్రకీ మెలకువకీ మధ్య ఒక సన్నటి గట్టు ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ దాని మీద నిలబడే తీరిక నాకు లేదు. అలారం మోగగానే దూకేదాన్ని. రిటైరై నరసరావుపేటలో స్థిరపడ్డాక ఇప్పుడు ఆ గట్టు మీద కాసేపు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాను. అక్కడ నాకు ఎప్పుడూ కనిపించేది ఒకటే. ఆకుపచ్చటి నీళ్లు, నాపరాళ్ల మెట్లు, గోడ బొరియల్లోంచి తలలు బయటపెట్టి చూసే పావురాలు, నా వీపు కింద చిన్న చిన్న అరచేతులు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. టీచర్లు, అంగన్‌వాడీల్లో చేరినవాళ్లు, ఏదో ఒక సంస్థ తరఫున ఊళ్లు తిరిగేవాళ్లు. "మేడం, మార్పు తెద్దామని వెళ్తాం. ఊరు మారదు, మేమే అరిగిపోతాం. మీకు అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటారు. ఓపికా, నాకా! నా కోపం సంగతి నా దగ్గర చదివిన ఏ పిల్లనడిగినా చెప్తుంది. ఓపిక లేదు గానీ, నాకొక ఆదివారం ఉంది. దాని కథ చెప్తాను, మీకు పనికొచ్చేది ఏమన్నా ఉంటే ఏరుకోండి.

నేను పీఈటీని. ఊరి భాషలో డ్రిల్లు మేడం. రెంటచింతల దగ్గర ఒక ఊరి హైస్కూల్లో నా సర్వీసు చివరి ఏళ్లు గడిచాయి. వేసవి వస్తే మా వైపు ఎండ గురించి పేపర్లో రాస్తారు. మిగతా కాలమంతా మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. ఆ ఎండలోనే ఆడపిల్లలతో ఖోఖో ఆడించేదాన్ని. ఖోఖో తెలియనివాళ్లుంటే రెండు ముక్కలు: పిల్లలు వరసగా ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు. తరుముతున్న పిల్ల వచ్చి, కూర్చున్న పిల్ల వీపు మీద అరచేత్తో తట్టి "ఖో" అంటుంది. తట్టించుకున్న పిల్ల లేచి ఉరకాలి. అంతే ఆట.

నా విజిల్‌కి ఒక పద్ధతి ఉండేది. పొడుగ్గా ఊదితే ఆట మొదలు. పొట్టిగా ఒక్కటి ఊదితే, ఎక్కడున్న పిల్ల అక్కడే ఆగి, చేతులు తొడలకు ఆనించి సావధాన్‌లో నిలబడాలి. నేను "విశ్రామ్" అనేదాకా కదలకూడదు. "మీ పిల్లలు తుమ్మొచ్చినా మీ పర్మిషన్ అడుగుతారు మేడం" అని మా లెక్కల మాస్టారు ఎగతాళి చేసేవాడు. నాకది పొగడ్తలాగే వినపడేది. ఈ పద్ధతిని కాస్త గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

ఇక కాలవ. మా ఊరికి సాగర్ కాలవే అన్నీ. మిరపకీ అదే, వరికీ అదే, బట్టలకీ బర్రెలకీ అదే. సిమెంటు చేసిన ఏటవాలు గోడలు, వాటి మీద నాచు. జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ దొరకదు. మగపిల్లలు ఆ కాలవలో దూకి ఈదుతూ పెరుగుతారు. ఆడపిల్లలు దాని అంచున బట్టలుతుకుతూ పెరుగుతారు. నీళ్లతో ఎక్కువ పని ఆడపిల్లలది, ఈత మాత్రం మగపిల్లలకే వచ్చు. ఇందులో వింతేముందో ఎవరికీ తోచలేదు. ఒక పిల్ల పోయేదాకా నాకూ తోచలేదు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. మాచర్ల రోడ్డులో బండ్లు బాగుచేసే మెకానిక్ గారి పెద్దమ్మాయి. రంజాన్ ముందు దుప్పట్లు ఉతకడానికి స్నేహితురాళ్లతో కాలవకు పోయింది. దుప్పటి చేజారి కొట్టుకుపోతుంటే అందుకోబోయి తనూ జారింది. ఒడ్డున ఇంకా ఆడపిల్లలున్నారు. అరవడం తప్ప వాళ్లకేమీ చేతకాలేదు. నా ఖోఖో జట్టులో ఉరకడంలో ఆమెకు సాటి లేదు. ఆ ఉరకడం నేర్పింది నేనే. నీళ్లలో అది ఎందుకూ పనికిరాలేదు.

ఆ తర్వాత నాకొక కల పట్టుకుంది. కాలవ అడుగున సున్నంతో గీసిన ఖోఖో కోర్టు. పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. నేను నడుస్తుంటే నీళ్లు నా కుచ్చిళ్లను మెల్లగా పైకి లేపుతున్నాయి. ఎక్కణ్ణుంచో పచ్చటి వెలుతురు. నేను ఆ పిల్ల వెనక ఆగి, వీపు మీద తట్టి "ఖో" అంటాను. ఆమె లేవదు. మళ్లీ అంటాను. నోట్లోంచి మాట బదులు బుడగలొస్తాయి. భయపడాల్సిన కలే, కానీ భయమేసేది కాదు. చాలా నెమ్మదిగా, హాయిగా ఉండేది. లేచాక ఆ హాయి తలుచుకుని ఏడ్చేదాన్ని.

ఒకరోజు స్టాఫ్‌రూములో అన్నాను, "ఆడపిల్లలకు ఈత నేర్పుదాం" అని.

లెక్కల మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు. "మీకు వచ్చా మేడం?"

"రాదు."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నీళ్లు లేవు, గురువు లేడు, నేర్పేవాళ్లకు ఈత లేదు. బాగానే ఉంది ప్లాను."

అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. రిటైర్మెంటు దాకా ఏ కాగితం మీదా తన పేరు రాకుండా ఉంటే చాలనుకునే మనిషి. కళ్లజోడు తుడుచుకుని, "స్కూలు పేరు ఎక్కడా రాకూడదమ్మా. ఆదివారాలు చేసుకోండి. అన్నిటికంటే ముందు ఆ తల్లి ఒప్పుకోవాలి. పెద్దపిల్లను పోగొట్టుకున్న మనిషి. ఆమె సరేనంటే మిగతావాళ్లు ఎవరూ నోరెత్తరు. ఆమె వద్దంటే ఇక ఈ మాట మర్చిపోండి" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. ఆమె చిన్నకూతురు అప్పటికి మా దగ్గరే ఏడో తరగతి చదువుతోంది.

ముందు నీళ్లు వెతుక్కోవాలి. ఊరి బయట మిరప చేలల్లో ఒక పాత దిగుడుబావి ఉంది. నాపరాళ్ల మెట్లు నీళ్లలోపలికి దిగుతూ పోతాయి. ఎంత లోతు కావాలంటే అన్ని మెట్లు దిగొచ్చు. ఆ చేల ఆసామి ఒక పెద్దావిడ. భర్త పోయినా సేద్యం తన చేతుల మీదే నడిపేది. ఊరంతా మామ్మ అనేవారు. వెళ్లి అడిగితే, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఆడపిల్లలకా? మంచిదేగా. మా నాయన నాకు సొరబుర్రలు కట్టి మా పుట్టింటి బావిలోకి తోశాడు. చేపలాగా ఈదేదాన్ని. పెళ్లయి ఈ ఊరొచ్చినాక మా అత్త ఒడ్డునే కూర్చోబెట్టింది. ఇప్పుడామె లేదు. దిగుతా పద."

అలా మాకు గురువు కూడా దొరికింది.

ఇక మిగిలింది ఆ తల్లి. మెకానిక్ షెడ్డు వెనకే వాళ్లిల్లు. ఆమె బట్టలు కుడుతుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ మిషన్ తొక్కుతూనే ఉంది. చివరికి దారం కొరికి, "నా చిన్నది కాలవ దిక్కు చూస్తేనే నాకు పానం పోతది మేడం. నన్నేమీ అడగమాకండి" అంది. లేచి వచ్చేశాను. కొన్నాళ్లకు చిన్నపిల్ల ప్రేయర్ అయ్యాక నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "మేడం, ఏం బట్టలేసుకుని దిగుతారు అని అమ్మీ అడగమంది."

ఊరు నన్ను అడిగిన ప్రశ్న కూడా అదే, కాకపోతే వాళ్లు వెటకారంగా అడిగారు. ఆమె మాత్రం బట్ట తెప్పించుకుంది. ఒంటికి అంటుకోనిది, నీళ్లు పీల్చి బరువెక్కనిది. ముదురు నీలం రంగు. మోచేతులు దాటే చొక్కా, చీలమండల దగ్గర ఎలాస్టిక్కు వేసిన పైజమా. ఈతకొచ్చే ప్రతి పిల్లకీ కుట్టింది, కుట్టుకూలి మాట ఎత్తనివ్వలేదు. ఆమె నోటితో సరే అనలేదు. ఆ బట్టలే ఆమె సరే.

నీళ్లు దొరికేలోపే నేను నా పని మొదలుపెట్టాను లెండి. పీఈటీని కదా, ఏదైనా డ్రిల్లుగా మార్చకపోతే నాకు తోచదు. పిల్లల్ని బెంచీల మీద బోర్లా పడుకోబెట్టి, విజిల్ ఊదుతూ చేతులు ముందుకు, పక్కలకు, వెనక్కి. కాళ్లు టపటప. కిటికీలోంచి చూసిన లెక్కల మాస్టారు, "మేడం, బెంచీలు కదులుతున్నాయి, ఒడ్డుకు చేరేలాగున్నాయి" అని అరిచాడు.

ఆ మొదటి ఆదివారాలు! ఇప్పటికీ అవి నిజంగా జరిగాయా, నేనే కలగన్నానా అనిపిస్తుంది. పొద్దున్నే చేలకు అడ్డంపడి నడిచేవాళ్లం. మంచు తడికి మిరప ఆకులు మెరిసేవి. బావి అంచున మామ్మ గంగమ్మకు పసుపూ కుంకుమా చల్లేది. కొందరు పిల్లలు సిలువ వేసుకునేవాళ్లు, చిన్నపిల్ల బిస్మిల్లా అనుకునేది, కొందరు మెట్టుకు దణ్ణం పెట్టేవాళ్లు. తర్వాత అందరూ ఒకటే కేక పెట్టి దిగేవాళ్లు, చలికి. నడుములకు ఎండిన సొరబుర్రలు. బావిలో మాట్లాడితే మాట గోడల్ని చుట్టి మెల్లగా పైకి లేస్తుంది. ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో తెలియదు. పైనుంచి పడే ఎండ నీళ్లలో విరిగి వాళ్ల ముఖాల మీద ఆడేది. మామ్మ చీర గోచీ పోసి దిగి, ఒక్కొక్క పిల్లనీ వెల్లకిలా పడుకోబెట్టి, "తేలు ముందు. తేలడమొస్తే ఈత అదే వచ్చిద్ది" అనేది. నేను మెట్ల మీద, పొడి చీరతో, మెళ్లో విజిల్‌తో నిలబడి ఉండేదాన్ని.

అలా నిలబడి ఉన్నప్పుడే అది జరిగింది. ఆ రోజు చిన్నపిల్లా, ఇంకో పిల్లా మొదటిసారి సొరబుర్రలు లేకుండా లోతువైపు తేలుతున్నారు. మామ్మ వాళ్ల పక్కనే ఉంది. మిగతావాళ్లు నడుంలోతు మెట్ల మీద. గోడ బొరియలోంచి ఒక నీరుకట్టె జారి నీళ్లలో పడింది. ఏమీ చెయ్యని పాము, బావుల్లో మామూలే. నాకు మాత్రం ఆ సంగతి తట్టలేదు. నోట్లో విజిల్ ఉంది. ఊదాను. పొట్టిగా, ఒక్కటి.

నా పిల్లలు ఎంత క్రమశిక్షణ గలవాళ్లో అప్పుడు చూశాను. బావి బావంతా సావధాన్. మెట్ల మీదున్నవాళ్లు నిటారుగా నిలబడ్డారు. తేలుతున్న ఆ ఇద్దరూ కూడా కాళ్లు దగ్గరకు చేర్చి, చేతులు తొడలకు ఆనించి, నిటారుగా, మేకుల్లాగా కిందికి దిగిపోయారు.

మామ్మ రెండు చేతులతో రెండు జడలు పట్టి లాగింది. నీళ్లు మింగారు, దగ్గారు, ఏడ్చారు. అంతకు మించి ఏమీ కాలేదు. పాము ఎప్పుడో దాని దారిన అది పోయింది. కానీ చిన్నపిల్ల మెట్టు మీద వణుకుతూ, దగ్గు మధ్యలో, "మేడం, మీరు విశ్రామ్ అనలేదు" అంది. నా మీద ఫిర్యాదు కాదది. తను కదలకపోవడానికి సంజాయిషీ.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. "డ్రిల్లు మేడం పిల్లల్ని ముంచిందంట." మర్నాడు ఆ తల్లి బయల్దేరి ఇంటింటికీ వెళ్లి, తను కుట్టిన నీలం బట్టలన్నీ వెనక్కి తీసుకుంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదట. మూటకట్టి నెత్తిన పెట్టుకుని బడి ముందునుంచే నడిచిపోయింది. నేను గ్రౌండులో ఉన్నాను. నావైపు చూడలేదు.

హెడ్మాస్టరు గారు పిలిచి, "పోనీలెండమ్మా, పిల్లలు క్షేమం. ఖోఖో ఆడించుకోండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. లెక్కల మాస్టారు ఆ వారమంతా ఒక్క జోకూ వెయ్యలేదు. అది ఇంకా భరించలేకపోయాను. బదిలీకి పెట్టుకుందామనుకున్నాను. సమాజాన్ని బాగుచేసే పని మనలాంటివాళ్లది కాదు, జీతం తీసుకుని డ్రిల్లు చేయించుకోవడమే మన పని అని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. మీలో చాలామంది ఆ మాట చెప్పుకుంటూ ఉంటారని నాకు తెలుసు. చెప్పుకోండి, తప్పులేదు. నేనూ చెప్పుకున్నాను.

ఒకరోజు బడయ్యాక కాళ్లు వాటంతట అవే బావి వైపు తీసుకుపోయాయి. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, నేలంతా ఎర్రగా. మామ్మ తొడిమలు తీస్తూ కూర్చుంది. నన్ను చూసి చాప జరిపింది. నేనూ కూర్చుని తొడిమలు తియ్యడం మొదలుపెట్టాను. ఆ ఘాటుకి నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నయమనిపించింది, కారణం చెప్పుకోవక్కర్లేదని.

"ఆ తల్లి దగ్గరకి పొయ్యావా?" అంది చివరికి.

"ఏ మొహం పెట్టుకుని పోను మామ్మా?"

"ఉన్న మొహమే పెట్టుకుని పో. తిడితే తిట్టించుకో. ఇంటో కూర్చుని నిన్ను నువ్వు తిట్టుకుంటే ఎవురికి లాభం?"

వెళ్లాను. మంచం మీద నీలం బట్టల దొంతర, అంచులు కలిపి మడతపెట్టి ఉంది. అన్నిటికంటే పైన చిన్నపిల్లది. ఆమె మిషన్ ఆపింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆపలేదు, ఈసారి ఆపింది. అందుకే నాకు భయమేసింది.

"తప్పయిపోయింది చెల్లెమ్మా" అన్నాను.

"మీకు ఈత వచ్చా మేడం?"

"రాదు."

"నీళ్లంటే భయమా?"

"చానా భయం." ఆమె ముందు ఆ మాట ఆమె యాసలోనే వచ్చింది.

"మీకే అంత భయమైతే, నా బిడ్డని దింపి మీరు ఒడ్డునెట్టా నిలబడ్డారు? ఒకదాన్ని ఇచ్చేశా. రెండోదాన్ని మీ చేతిలో పెట్టా. మీ చేతిలో ఏముంది? విజిలు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను కూడా ఏదో అనేదాన్ని, నా నోరు ఊరుకోదు. ఆమె లేచి, మెళ్లో వేలాడుతున్న టేపు తీసి, "చేతులు ఎత్తండి" అంది.

"ఎందుకు?"

"ఎత్తండి మేడం."

ముప్పై ఏళ్లుగా పిల్లలకు నేను చెప్పిన మాట అది. ఎత్తాను. భుజం కొలిచింది, ఛాతీ కొలిచింది, నడుం దగ్గర టేపు చాలక రెండుసార్లు వేసింది. కొలతలు నోటితోనే గొణుక్కుంది. నా వెనక నిలబడి వీపు పొడుగు కొలుస్తూ మాత్రం, "ఆదివారం మీరు దిగండి. నా బిడ్డ కాదు, మీరు. నేను వచ్చి చూస్తా. చూసినాక చెప్తా" అంది.

అప్పుడు మెళ్లోంచి విజిల్ తీసి ఆ నీలం దొంతర పక్కన పెట్టి వచ్చాను.

ఆదివారం వచ్చింది. నేను వద్దన్నా అది వచ్చేదే. డ్రిల్లు మేడం బావిలోకి దిగుతుందంటే ఊరి ఆడవాళ్లంతా పనులు మానుకుని వచ్చారు. మగవాళ్లకు ప్రవేశం లేదు. బాట మొదట్లో మా లెక్కల మాస్టారు ఫ్లాస్కుతో కాపలా కూర్చున్నాడు, ఎవడైనా ఇటు తిరిగితే ఎక్కాలు అప్పజెప్పిస్తానని బెదిరిస్తూ. ఆయన పక్కన ఒక గొడుగు, గొడుగు కింద హెడ్మాస్టరు గారు. "నేను ఇక్కడ లేనమ్మా" అన్నాడు నన్ను చూసి. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తల్లి నా కొలతలకు కుట్టి పంపిన నీలం బట్టలు మామ్మ ఇంట్లో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. నీలం గోతంలో కట్టిన ధాన్యం బస్తాలా ఉన్నాను. కానీ భుజాలు, చేతులు, వీపు ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు. నా ఒళ్లు తెలిసిన బట్ట అది. బావి దగ్గరికి వెళ్లేసరికి ఆ తల్లి పైమెట్టు మీద చిన్నకూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల మామూలు గౌనులో ఉంది.

దిగాను. మొదటి మెట్టు చల్లగా, రెండోది ఇంకా చల్లగా. నీళ్లు నడుం దాటగానే నా ధైర్యమంతా పైకెగిరి పావురాలతో కూర్చుంది. నా పిల్లలు నా చుట్టూ చేరారు. వాళ్ల నీలం బట్టలు మూటలోనే ఉన్నాయి. లంగాలూ పైజమాలూ ఎగగట్టుకుని దిగారు. "మేడం, వెనక్కి వాలండి." "మేడం, మేం పట్టుకుంటాం." "మేడం, కళ్లు తెరవండి." ఒకరి తర్వాత ఒకరు, నేను వాళ్లకు చెప్పిన మాటలే. వీపు కింద అరచేతులు ఆనాయి. కాళ్లు మెట్టును వదిలాయి. అంతే, నేను బిగుసుకుపోయాను. మెడ, చేతులు, కాళ్లు, దవడ, అన్నీ. బిగుసుకున్న మనిషిని నీళ్లు మొయ్యవు. నడుం కిందికి లాగుతోంది, ముక్కులోకి నీళ్లు పోయాయి. పట్టుకున్న పిల్ల మెడను కరిచిపట్టుకున్నాను.

"మేడం సావధాన్‌లో ఉన్నారే!" అంది ఒక పిల్ల.

అప్పుడు పైనుంచి ఒక సన్నటి గొంతు. బావి గోడల్ని చుట్టుకుంటూ దిగి వచ్చింది.

"మేడం! విశ్రామ్!"

ఏం చెప్పను మీకు. నా తల ఆలోచించనే లేదు. ముప్పై ఏళ్లు ఆ మాటతో బతికిన ఒళ్లు కదా, అది విని వదులైపోయింది. భుజాలు దిగాయి. వేళ్లు విడిచాయి. తల వెనక్కి వాలి, చెవులు నీళ్లలోకి వెళ్లాయి, లోకం శబ్దం ఆగిపోయింది.

ఆ తర్వాతది ఎంతసేపో నాకు తెలియదు. పైన గుండ్రంగా ఆకాశం. అంచున తలలు, చీర కొంగులు, కదులుతున్న నోళ్లు. మాట ఒక్కటీ వినపడదు. పచ్చటి వెలుతురు. ఇది నా కలే అనుకున్నాను. కాలవ అడుగున కోర్టు, వరసగా పిల్లలు. కాకపోతే ఈసారి కూర్చున్నది నేను, వీపు మీద తడుతున్నది వాళ్లు. ఆ పోయిన పిల్ల ఎక్కడుందో వెతకలేదు. వెతకాలనిపించలేదు. నేను వాళ్లను మోస్తున్నానని ఇన్నాళ్లూ అనుకుని అలిసిపోయాను. ఎంత అలిసిపోయానో వాళ్లు నన్ను మోస్తున్నప్పుడు తెలిసింది.

ఒకసారి తల బరువై కిందికి జారింది. నీళ్లు నుదుటి దాకా వచ్చాయి. ఇంకో అరచెయ్యి వచ్చి తల కింద ఆనింది, చిన్నది, వెచ్చగా. తల లేచింది.

మళ్లీ నిలబడి ముఖం తుడుచుకుని చూస్తే, నా పక్కన ఛాతీలోతు నీళ్లలో, గౌనుతో, ఆ చిన్నపిల్ల. ఆమె తల్లి పైమెట్టు మీద లేదు. నీళ్ల అంచు మెట్టు దాకా దిగి వచ్చి ఉంది. బురఖా అంచు తడిసి ఉంది. ఆమె నన్ను చూసి, తన కూతుర్ని చూసి, పైకెక్కి వెళ్లింది. పోయిందనుకున్నాను. మూటతో తిరిగొచ్చింది. మెట్టు మీద కూర్చుని ముడి విప్పి, ఒక్కొక్క పిల్లనీ పిలిచి ఎవరి బట్టలు వాళ్లకిచ్చింది. అడుగున నా విజిల్ ఉంది. అది మాత్రం బురఖా కింది చీర కొంగున ముడేసుకుంది. దాన్ని నాకు తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత చాలామంది పిల్లలు ఆ బావిలో తేలారు. ఇప్పుడా చిన్నపిల్లే ఆదివారాలు తన తర్వాతి పిల్లలకు నేర్పుతోంది. మామ్మ ఒడ్డున కూర్చుని కేకలేస్తుంది. నాకు ఈత ఇప్పటికీ రాలేదు. తేలడం వచ్చు. నా రిటైర్మెంటు సభలో లెక్కల మాస్టారు మైకు పట్టుకుని, "మేడం గారికి విశ్రామ్" అన్నాడు. నేను తప్ప అందరూ నవ్వారు.

ఆ రోజు నేను చెవులు నీళ్లలో పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఒక మాట వినలేదు. తర్వాత మామ్మ చెప్పింది. నా తల జారుతున్నప్పుడు పైమెట్టు మీదనుంచి ఆ తల్లి బావి అదిరేలాగా అరిచిందట.

"ఏమే, చూస్తావేంది? పోయి తల కింద చెయ్యి పెట్టవే, మేడం మునిగిపోతంది!"

కూతురి చెయ్యి తను వదిలేసిన సంగతి అప్పటికి ఆమెకే తెలియదట.